గ్యాస్ రాలేదు, భూమి పోయింది: నేదునూరు లెక్క ఎవరు చెప్పాలె?

కరీంనగర్ పక్కన తిమ్మాపూర్ మండలంలో నేదునూరు అని ఒక ఊరు ఉన్నది. ఆ ఊరి పేరు విద్యుత్తు ఫైళ్లలో 2100 మెగావాట్లుగా నమోదైంది. గ్యాస్‌తో నడిచే కేంద్రం వస్తుందన్నారు. ఒక్కొక్కటి 700 మెగావాట్ల చొప్పున మూడు యూనిట్లన్నారు. మానేరు నీళ్లు పక్కనే ఉన్నయన్నారు. వందల ఎకరాలు తీసుకున్నారు. ఇటు హైదరాబాద్ పక్కన శంకర్‌పల్లిలోనూ గ్యాస్ కేంద్రమే అన్నారు. అక్కడా అదే మాట, అదే ఆశ. ఏండ్లు గడిచినయి. ఈ రెండు చోట్లా గ్యాస్‌తో ఒక్క యూనిట్ కరెంటు పుట్టలేదు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. గ్యాస్ మాత్రం రాలేదు.

ఈ సంగతి మేము కొత్తగా చెప్పడం లేదు. ఉద్యమంలో తిరిగిన ప్రతి విద్యార్థికీ, సకల జనుల సమ్మెలో కూర్చున్న ప్రతి ఉద్యోగికీ నేదునూరు పేరు నోటికి వచ్చు. కానీ ఇన్నేండ్లుగా మేము ఒక సగమే మాట్లాడినం. గ్యాస్ ఎందుకు ఇయ్యలేదని అడిగినం. ఇస్తే ఏమయ్యేదో అడగలేదు. ఆ కేంద్రం ఎన్ని నీళ్లు తాగేది? ఏ పొగ వదిలేది? పర్యావరణ ప్రభావ మదింపు అనే లావుపాటి రిపోర్టులో ఏమి రాయాలె, ఎవరు రాస్తారు, ఎవరు చదువుతారు? ఈ రెండో సగం ఇవ్వాళ మాట్లాడుకుందాం. ఎందుకంటే రేపు ఇంకో నేదునూరు వస్తుంది. పేరు మారుతుంది, ఇంధనం మారుతుంది, రిపోర్టు రాసే పద్ధతి మాత్రం మారదు.

మనం అన్నది తప్పా?

ముందు పాత లెక్క ఒకటి తేల్చుకోవాలె. ఉమ్మడి రాష్ట్రంలో గ్యాస్ కేంద్రాలు ఎక్కడ వచ్చినయి? విజ్జేశ్వరం, జేగురుపాడు, కాకినాడ, కొండపల్లి, సామర్లకోట, వేమగిరి, గౌతమి, కోనసీమ. అన్నీ కలిపితే రెండున్నర వేల మెగావాట్లు దాటుతుంది. తెలంగాణలో పెద్ద గ్యాస్ కేంద్రం ఒక్కటి చూపించండి. లేదు.

అడిగితే ఏమన్నారు? గ్యాస్ కృష్ణా గోదావరి తీరంలో దొరుకుతుంది, దొరికిన చోటనే కేంద్రం పెట్టుడు సహజం అన్నారు. మంచిది, ఒప్పుకుందాం. మరి బొగ్గు ఎక్కడ దొరుకుతుంది? సింగరేణిలో. ఆ బొగ్గును రైలెక్కించి వందల కిలోమీటర్ల అవతల ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్‌కు, ఇబ్రహీంపట్నంలో విజయవాడ థర్మల్‌కు ఎందుకు పంపినట్టు? గ్యాస్‌కు ఒక న్యాయం, బొగ్గుకు ఇంకో న్యాయమా? గ్యాస్ పైపులో రాదా అంటే, అదీ కాదు. కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1400 కిలోమీటర్ల పైపులైను 2009లో మొదలైంది. అది తెలంగాణ నేల కింద నుంచే పోయింది. మన చెలకల కింద గ్యాస్ పారింది, మన కేంద్రాలకు మాత్రం చుక్క దక్కలేదు. బొగ్గు పోయేటప్పుడు మన మీదుగా, గ్యాస్ పోయేటప్పుడూ మన మీదుగా. మనకు మిగిలింది బూడిద.

బూడిద అన్నది మాట వరసకు కాదు. రామగుండం ఎన్టీపీసీ 2600 మెగావాట్లు. యూనిట్‌కు ముప్పావు కిలో దాకా బొగ్గు, ఆ బొగ్గులో మూడోవంతు పైన బూడిద. ఎవరైనా ఇంటర్ విద్యార్థి కాగితం మీద గుణిస్తే రోజుకు పదివేల టన్నులకు పైగా తేలుతుంది. అది ఎక్కడికి పోతుంది? చెరువు లాంటి బూడిద గుంటల్లోకి. ఎండాకాలం గాలికి లేచి ఇండ్ల మీదికి, బావుల్లోకి, పంటల మీదికి. గోదావరిఖనిలో, పాల్వంచలో ఆరేసిన బట్టను దులిపిన ఆడబిడ్డను అడిగితే చెప్తుంది. కాబట్టి మాకూ గ్యాస్ కేంద్రం కావాలని మనం అడగటం అత్యాశ కాదు. అందులో ఒక పర్యావరణ న్యాయం ఉన్నది. కాకపోతే ఆ పేరు పెట్టి అడగలేదు.

గ్యాస్ మంచిదే. ఎంత మంచిది?

నిజం నిజంగా చెప్పుకోవాలె. బొగ్గుతో పోలిస్తే గ్యాస్ మేలు. గ్యాస్ టర్బైన్‌లో మండిన వేడిని వదిలేయకుండా దానితోనే ఆవిరి పుట్టించి ఇంకో టర్బైన్ తిప్పుతారు. దీన్నే కంబైన్డ్ సైకిల్ అంటారు. ఇంధనంలోని శక్తిలో సగం దాకా, కొత్త యంత్రాలైతే సగానికి పైగా, కరెంటుగా మారుతుంది. పాత బొగ్గు కేంద్రంలో మూడోవంతు మారితే గొప్ప. యూనిట్‌కు బొగ్గు కేంద్రం ఒక కిలోకు అటు ఇటుగా కార్బన్ డయాక్సైడ్ వదిలితే, గ్యాస్ కేంద్రం అందులో సగం లోపే వదులుతుంది. బూడిద లేదు. గంధకపు పొగ దాదాపు లేదు.

ఈ నాలుగు మాటలు చెప్పి, ఇంక అడిగేదేమున్నది, ఇది స్వచ్ఛమైన ఇంధనం అని సంతకం పెట్టమంటారు. మదింపు రిపోర్టుల్లో గ్యాస్ పేరు వినగానే సగం పేజీలు బొగ్గుతో పోలికకే పోతాయి. కానీ ఊరివాళ్ల ముందున్న ప్రశ్న బొగ్గా గ్యాసా అన్నది కాదు. వాళ్ల ముందున్నది పొలమా, కేంద్రమా? అక్కడ ఇప్పుడు బొగ్గు కేంద్రం లేదు. ఉన్నది చెలక, బావి, చెరువు, మేత. దానితో పోల్చి చెప్పాలె.

పోల్చితే ఏమి అడగాలె? మేము వరుసగా చెప్తాం.

మొదటిది పొగ. గ్యాస్ ఎక్కువ వేడి మీద మండినప్పుడు గాలిలోని నత్రజనే ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది. 400 మెగావాట్లు, ఆపైన ఉన్న సహజవాయువు కేంద్రాలకు మన దేశంలో పరిమితి 50 పీపీఎం. ఆ వాయువు ఎండలో ఇతర ఆవిర్లతో కలిస్తే ఓజోన్ పుడుతుంది. పైన ఆకాశంలో ఉంటే మనల్ని కాపాడే ఓజోన్, నేల మీద ఉంటే ఊపిరితిత్తులను, పంట ఆకులను తింటుంది. కరీంనగర్ ఎండ ఎట్లుంటదో చెప్పాల్నా? కాబట్టి పొగగొట్టం దగ్గర 50 పీపీఎం దాటదు అన్న ఒక్క వాక్యం చాలదు. ఏప్రిల్, మే ఎండల్లో పది మైళ్ల దూరంలో గాలి ఎట్లా ఉంటుందో చెప్పాలె. యంత్రం మొదలుపెట్టేటప్పుడు, ఆపేటప్పుడు ఈ వాయువు ఎక్కువ వస్తుంది. ఇప్పుడు పగలు సోలార్, రాత్రి అవసరానికి గ్యాస్ అన్న పద్ధతి వస్తున్నది. రోజూ ఆపి మళ్లీ రాజేసే కేంద్రానికి, ఏడాదంతా ఒకే తీరుగా నడిచే కేంద్రం లెక్కలు చూపిస్తే అది మోసం.

రెండోది ఇంధనం. గ్యాస్ కేంద్రం అని అనుమతి తీసుకుంటారు. గ్యాస్ దొరకకపోతే నాఫ్తా కాలుస్తామని ఒక మూల రాసుకుంటారు. నాఫ్తాకు నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితే 100 పీపీఎం, అంటే రెండింతలు. ఇంధనం మారితే పొగ మారుతుంది, ట్యాంకర్లు మారుతాయి, ప్రమాదం మారుతుంది. ఆ మూల రాసిన వాక్యాన్ని ముందుకు తెచ్చి చదవాలె.

మూడోది నీళ్లు. ఇక్కడ కొంచెం ఆగి లెక్క చూద్దాం.

మానేరు నీళ్ల లెక్క

కంబైన్డ్ సైకిల్ కేంద్రం శీతలీకరణ టవర్లతో నడిస్తే మెగావాట్ గంటకు సుమారు ఒక ఘనపు మీటరు నీళ్లు పోతాయనుకుందాం. కేంద్రాన్ని బట్టి అటు ఇటు ఉంటుంది, కానీ తక్కువ అంచనానే వేస్తున్నాం. 2100 మెగావాట్లు నిండుగా నడిస్తే గంటకు 2100 ఘనపు మీటర్లు. రోజుకు యాభై వేలు. ఏడాదికి కోటి ఎనభై నాలుగు లక్షలు. ఒక టీఎంసీ అంటే రెండు కోట్ల ఎనభై మూడు లక్షల ఘనపు మీటర్లు. అంటే ఏడాదికి 0.65 టీఎంసీ.

లోయర్ మానేరు డ్యాం నిండితే 24 టీఎంసీలు. అందులో ఇదెంత అంటారు. నిండిన ఏడు ఎంతా కాదు. నిండని ఏడు? డ్యాం అడుగు కనిపించిన ఎండాకాలాలు కరీంనగర్ చూడలేదా? ఆ ఏడు పట్టణానికి తాగునీళ్లు ముందా, కాకతీయ కాలువ కింద పొలం ముందా, టవర్ ముందా? పొలానికి నీళ్లు బంద్ పెట్టవచ్చు, నల్లా రెండు రోజులకు ఒకసారి ఇడవవచ్చు. నడుస్తున్న టర్బైన్‌కు మాత్రం బంద్ పెట్టరు. టీఎంసీకి పదివేల ఎకరాల వరి అని మన ఇంజనీర్లు చెప్పే మోటు లెక్క ఉన్నది. దాని ప్రకారం 0.65 టీఎంసీ అంటే ఆరువేల ఎకరాలకు పైన. కేంద్రం మింగే భూమి వందల ఎకరాలు. దాని దాహం మింగేది వేల ఎకరాలు. పరిహారం మాత్రం మొదటి లెక్కకే. రెండో లెక్కలో ఉన్న రైతుకు తాను బాధితుడినని కూడా తెల్వదు.

మేము విద్యుత్తుకు నీళ్లు ఇవ్వద్దని అనడం లేదు. కరువు ఏడాది ఎవరి వాటా ముందు కోస్తారో రిపోర్టులో అక్షరాలా రాయమంటున్నాం. సగటు వానల ఏడాదికి రాసిన నీటి లెక్క తెలంగాణకు అబద్ధపు లెక్క.

గేటు బయట జరిగేది ఎవరి ఖాతా?

నాలుగోది పైపు. మదింపు రిపోర్టు కేంద్రం చుట్టూ పది కిలోమీటర్ల వృత్తం గీసుకొని అందులో చూస్తుంది. గ్యాస్ ఆ వృత్తంలో పుట్టదు. సముద్రం అడుగున, కోనసీమ కొబ్బరి తోటల కింద పుడుతుంది, వందల కిలోమీటర్లు పైపులో వస్తుంది. అభయారణ్యాలు, సున్నిత ప్రాంతాల గుండా పోతే తప్ప ఆ పైపుకు కేంద్ర పర్యావరణ అనుమతి అడిగే నిబంధన 2006 నోటిఫికేషన్‌లో లేదు. ఊళ్ల గుండా పోతే ఊళ్లు సున్నితం కావన్న మాట.

1995 జనవరి 8న పాసర్లపూడి బావి పేలి అంటుకుంటే 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం ఊరిలో గ్యాస్ పైపు పగిలి, నిద్రలో ఉన్నవాళ్లు కాలిపోయారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. తేమ ఉన్న గ్యాస్‌ను పంపడం వల్ల లోపల తుప్పు పట్టి పైపు చెడిందన్నారు. అది మనకు రాష్ట్రం వచ్చి నెల కూడా నిండని రోజు. కొందరు మిత్రులు అప్పుడు, అది వాళ్ల రాష్ట్రం సంగతి అన్నారు. మేము ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోం. మన కొట్లాట కోనసీమ కూలీతో కాదు. గ్యాస్ తీసి లాభం పట్టుకపోయినవాళ్లు వేరు, ఆ పైపు పక్కన పండుకున్నవాళ్లు వేరు. కోనసీమకు మంట, రామగుండానికి బూడిద. ఈ రెండు ఊళ్ల గోస ఒకటే.

ఇంకొకటి. గ్యాస్ అంటేనే మీథేన్. కాలకుండా లీకైన మీథేన్ ఇరవై ఏండ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎనభై రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. బావి దగ్గర, పైపు జాయింట్ దగ్గర, కంప్రెసర్ దగ్గర ఎంత లీకైందో కలపకుండా, బొగ్గులో సగమే అని చెప్పడం సగం నిజం.

అసలు ఇంధనం ఉన్నదా?

ఐదోది అన్నిటికన్నా పెద్దది. కేంద్రానికి గ్యాస్ ఉన్నదా?

వెయ్యి మెగావాట్ల కంబైన్డ్ సైకిల్‌కు రోజుకు నలభై అయిదు నుంచి యాభై లక్షల ఘనపు మీటర్ల గ్యాస్ కావాలె. నేదునూరు 2100 మెగావాట్లకు రోజుకు సుమారు కోటి. కేజీ డీ6 బావులు 2009 ఏప్రిల్‌లో మొదలై, 2010లో మంచి ఊపు మీద ఉన్నప్పుడు రోజుకు ఇచ్చింది దాదాపు ఆరు కోట్లు. అంటే దేశమంతా ఎదురుచూసిన బావిలో ఆరోవంతు నేదునూరు ఒక్కదానికే కావాలె. ఇస్తారా? ఎరువుల కర్మాగారాలు, వంటగ్యాస్, అప్పటికే కట్టిన కేంద్రాలు వరుసలో నిలబడి ఉన్నయి. ఎవరికి ఎంత అని తేల్చేది ఢిల్లీలో మంత్రుల సాధికార బృందం. తర్వాత ఆ బావి కూడా ఎండిపోతూ వచ్చింది. 2013-14 నాటికి కోటిన్నర లోపుకు పడిపోయింది. 2013 మార్చి నుంచి కరెంటు కేంద్రాలకు ఆ బావి గ్యాస్ పూర్తిగా ఆగింది. తీరంలో కట్టిన కేంద్రాలే తుప్పు పట్టినయి. దేశం మొత్తం మీద పద్నాలుగు వేల మెగావాట్లకు పైగా గ్యాస్ కేంద్రాలు ఇంధనం లేక నిలబడిపోయినయి.

2012లో మన వాటా గ్యాస్‌ను మహారాష్ట్రలోని రత్నగిరికి మళ్లిస్తున్నారన్న వార్త వచ్చినప్పుడు రాష్ట్రమంతా గోల అయింది. అన్ని పార్టీలూ గొంతు చించుకున్నయి. మంచిదే. కానీ ఆ గోలలో ఎవరూ ఈ ప్రశ్న వేయలేదు: గ్యాస్ ఒప్పందం చేతిలో లేకుండా రైతు భూమి ఎట్లా తీసుకున్నారు? రిపోర్టు మీద సంతకం పెట్టినవాళ్లు రాని గ్యాస్ పొగను లెక్కగట్టారు. పోయిన భూమిని లెక్కగట్టలేదు. కట్టని కేంద్రానికి కూడా పర్యావరణ ప్రభావం ఉంటుంది. దున్నని నేల, అమ్ముకున్న ఎడ్లు, వలసపోయిన పిల్లలు. ఆ ప్రభావానికి రిపోర్టులో అధ్యాయం లేదు.

రిపోర్టు ఎవరు రాస్తారు?

చట్టం కాగితం మీద బాగానే ఉన్నది. పర్యావరణ పరిరక్షణ చట్టం 1986 కింద 1994లో మొదటి మదింపు నోటిఫికేషన్ వచ్చింది. 1997లో ప్రజాభిప్రాయ సేకరణ చేర్చారు. 2006 సెప్టెంబర్ 14న కొత్త నోటిఫికేషన్ వచ్చింది. 500 మెగావాట్లు, ఆపైన ఉన్న గ్యాస్ కేంద్రం ఢిల్లీకి పోవాలె. ఏమేమి అధ్యయనం చేయాలో నిర్ణయించాలె, రిపోర్టు రాయాలె, ప్రజలను అడగాలె, నిపుణుల కమిటీ చూడాలె.

మరి రాసేదెవరు? కన్సల్టెంట్. వానికి పైసలిచ్చేదెవరు? కేంద్రం కట్టేవాడు. అనుమతి రాకపోతే తర్వాతి పని రాదని తెలిసినవాడు అనుమతి రాకుండా రాస్తాడా? ఒక్క సీజన్ మూడు నెలలు గాలి, నీళ్లు కొలుస్తారు. వానాకాలం వదిలేస్తారు. చెరువు నిండినప్పుడు ఎవరికీ పని లేదు. ఆ తర్వాత పచ్చటి నేల రిపోర్టులో బంజరు అవుతుంది.

ఇది మా ఊహ కాదు. శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల నేలలు చిత్తడి నేలలు. చేపలకు, పశువులకు, వేలమంది బతుకుకు ఆధారం. థర్మల్ కేంద్రం కాగితాల్లో అవి పనికిరాని నేలలైనయి. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో అక్కడ మనుషులు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని కొట్టేసింది. ఒక రిపోర్టులో ఒక అబద్ధపు మాటను సరిదిద్దడానికి అంత నెత్తురు కావాల్సి వచ్చింది. సోంపేట తెలంగాణ కాదు. కానీ ఆ పాఠం మనది.

ప్రజాభిప్రాయ సేకరణ సంగతి చూడండి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలె, ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో. సభ ప్రాజెక్టు స్థలంలోనో దగ్గరలోనో పెట్టాలె. కలెక్టర్ గానీ ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి గానీ కూర్చోవాలె. మొత్తం వీడియో తీయాలె. చివర్లో ఎవరేమన్నారో స్థానిక భాషలో చదివి వినిపించాలె. అక్కడున్న ప్రతి మనిషికీ ప్రశ్న అడిగే హక్కున్నది. రాలేనివాళ్లు రాసి పంపవచ్చు. ఇవన్నీ ఉన్నయి. కానీ తెలుగులో ఇచ్చేది సారాంశం మాత్రమే. అసలు రిపోర్టు వందల పేజీల ఇంగ్లీషు. భూమి తెలుగోనిది, రిపోర్టు మాత్రం ఇంగ్లీషోనిది. పైగా సభకు కోరం అక్కర లేదు. పదిమంది వచ్చినా సభే, పదివేలమంది వ్యతిరేకించినా సభే. అభిప్రాయం సేకరిస్తారు, దానికి కట్టుబడాలన్న నియమం లేదు. 2020 మార్చిలో కేంద్రం తెచ్చిన ముసాయిదా ఆ 30 రోజులను కూడా 20కి తగ్గించాలని చూసింది.

సొంత రాష్ట్రంలో మన సంగతి

ఇక్కడిదాకా చప్పట్లు కొట్టిన మిత్రులు ఈ ముచ్చట కూడా వినాలె.

వలస పాలన పోయింది. ఫైలు మీద సంతకం మన చేతికి వచ్చింది. మనమేమి చేసినం? నల్లగొండ జిల్లా దామరచర్లలో 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ మొదలుపెట్టుకున్నం. 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాని పర్యావరణ అనుమతిని నిలిపి, మళ్లీ అధ్యయనం చేసి రమ్మన్నది. ఏ బొగ్గు వాడతారన్నది ఆ కేసులో పెద్ద ప్రశ్న. అంటే మళ్లీ ఇంధనమే. 2024 ఫిబ్రవరిలో మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాల్సి వచ్చింది. అప్పటికి అక్కడ కాంక్రీటు లేచి ఉన్నది. కట్టిన తర్వాత కట్టాల్నా వద్దా అని అడిగితే ఊరివాళ్లు ఏమి చెప్తారు?

2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ మదింపు తప్పనిసరి చేసింది. 2017లో మన సర్కారే సవరణ చట్టం తెచ్చి, కొన్ని రకాల ప్రాజెక్టులను ఆ మదింపు నుంచి తప్పించే అధికారం తన చేతిలో పెట్టుకున్నది. నేదునూరు రైతు పేరు చెప్పి రాష్ట్రం తెచ్చుకున్నవాళ్లం, నేదునూరు రైతుకు దక్కాల్సిన ఒక్క రక్షణను మన శాసనసభలోనే సడలించుకున్నం. దీన్ని ఎవరి మీదికి నెడదాం? ఆంధ్ర పాలకుల మీదికా? రాష్ట్రం కావాలన్నది జెండా మార్చడానికి కాదు, పద్ధతి మార్చడానికి. పద్ధతి మారకపోతే అడిగే హక్కు ఉద్యమకారులకే అందరికన్నా ఎక్కువ.

కరెంటు వద్దా మరి?

ఈ మాట తప్పకుండా అంటారు. కరెంటు కావాలె, కేంద్రం వద్దంటారా అని.

కరెంటు విలువ మాకు చెప్పొద్దు. బోరు మీద బతికే నేల ఇది. రాత్రి పూట కరెంటు కోసం పొలానికి పోయి పాము కాటుకు, షాకుకు పోయిన రైతులు ఎవరి బిడ్డలు? 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద జనం రోడ్డెక్కితే కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు అంటే రైతు ఎందుకు సంతోషపడ్డాడో మాకు తెలుసు. విభజనలో 53.89 శాతం వాటా కోసం ఎంత కొట్లాట జరిగిందో విద్యుత్ ఉద్యోగులకు తెలుసు.

అందుకే చెప్తున్నాం. కరెంటు కావాలె కాబట్టే లెక్క సరిగ్గా ఉండాలె. తప్పుడు లెక్కతో కట్టిన కేంద్రం కరెంటు ఇయ్యదు, అప్పు ఇస్తుంది. గ్యాస్ లేని గ్యాస్ కేంద్రం కట్టి ఉంటే ఇవ్వాళ నేదునూరులో భూమీ ఉండకపోవు, కరెంటూ ఉండకపోవు, తీర్చాల్సిన వడ్డీ మాత్రం ఉండు. నిజాయితీగా రాసిన మదింపు ప్రాజెక్టుకు శత్రువు కాదు. ఇంధనం లేదన్న నిజాన్ని మొదటి పేజీలోనే రాసి ఉంటే రైతు భూమీ దక్కేది, సర్కారు పరువూ దక్కేది.

మా డిమాండ్లు

ఒకటి. ఇంధన ఒప్పందం చేతికి రాకముందు ఏ కేంద్రానికీ సెంటు భూమి తీసుకోవద్దు.

రెండు. నేదునూరులో తీసుకున్న భూమి లెక్క ఊరి ముందు పెట్టాలె. ఎంత తీసుకున్నారు, ఎవరికి ఎంత ఇచ్చారు, ఇప్పుడు ఏమి చేస్తారు? 2013 చట్టం 101వ సెక్షన్ అయిదేండ్లు వాడని భూమిని తిరిగి ఇవ్వడం గురించి చెప్తుంది. పాత చట్టం కింద తీసుకున్నదానికి అది వర్తించదని వకీళ్లు అనవచ్చు. సెక్షన్ వర్తించకపోతే న్యాయం కూడా వర్తించదా?

మూడు. మదింపు రిపోర్టు మొత్తం తెలుగులో ఇవ్వాలె. కన్సల్టెంట్‌ను కట్టేవాడు కాకుండా, అతని పైసలతోనే, ప్రభుత్వ నిధి ద్వారా స్వతంత్రంగా నియమించాలె.

నాలుగు. ఏడాది పొడుగునా గాలి, నీళ్లు కొలవాలె. కరువు ఏడాది నీటి వాటా రాయాలె. పైపు, బావి, లీకేజీ కలిపి లెక్క చూపాలె. పక్కన ఉన్న కేంద్రాల పొగ కూడా కలపాలె.

అయిదు. 2017 సవరణను వెనక్కి తీసుకొని సామాజిక ప్రభావ మదింపును మళ్లీ తప్పనిసరి చేయాలె.

విద్యార్థి మిత్రులారా, సభ నోటీసు పేపర్లో ఒక మూల చిన్న అక్షరాల్లో పడుతుంది. దాన్ని కత్తిరించి ఊరి పంచాయతీ గోడకు అంటించండి. ముసాయిదా రిపోర్టు కలెక్టరేట్లో, జిల్లా పరిషత్తులో చూడటానికి ఉంచాలె. ఉంచలేదంటే సమాచార హక్కు చట్టం 2005 ఉన్నది. కెమిస్ట్రీ చదివినవాళ్లు పొగ లెక్క చూడండి, ఇంజనీరింగ్ చదివినవాళ్లు నీళ్ల లెక్క చూడండి, తెలుగు చదివినవాళ్లు ఊరికి అర్థమయ్యేటట్టు చెప్పండి. ఉద్యోగ మిత్రులారా, ఆ ఫైలు మీ టేబుల్ మీది నుంచే పోతుంది. చెరువును బంజరని రాసిన కాగితం మీద కళ్లు మూసుకొని ముద్ర వేయకండి. అనుమతి వచ్చిందని ఊరుకోవద్దు. 30 రోజుల్లో హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు గడువు ఉన్నది. మన కేసులు చూసేది చెన్నైలోని దక్షిణ మండలి బెంచి.

ఒకప్పుడు మనం నీళ్లు, నిధులు, నియామకాలు అన్నం. ఆ మూడింటి లెక్కలు బయటికి తీసి, పుస్తకాలు వేసి, ఊరూరా తిరిగి చెప్పినం. ఆ లెక్కలకు జవాబు చెప్పలేకనే ఢిల్లీ దిగి వచ్చింది. లెక్క అడిగిన జాతి మనది. రాష్ట్రం వచ్చిందని లెక్క అడగడం మానేస్తే, నేదునూరు శిలాఫలకం ఒక్క ఊరిలో ఆగదు. ఊరూరా పడుతుంది.